చిన్న తెరచాప పడవకు ఎంత హెచ్‌పీ ఔట్‌బోర్డు మోటారు సరిపోతుంది?

నెల్లూరు, ప్రకాశం తీరాలలో తెరచాప పడవకు ఔట్‌బోర్డు మోటారు, అంటే వెనుక పలకకు బయట తగిలించే మోటారు, బిగించాలనుకునే వారికి మొదట వినిపించే సలహా, తొమ్మిదిన్నరో పదో హెచ్‌పీ పెట్టించుకుంటే ఇక దిగులుండదన్నది. ఆ సలహా ఇచ్చేవారు సముద్రం తెలిసినవారే, వారి అనుభవమూ నిజమైనదే. అయితే వలలు, ఐసు, పట్టిన చేప, నలుగురైదుగురు మనుషులతో దూరం పోయి చీకటి పడేలోగా ఒడ్డుకు రావలసిన ఫైబర్ వేట పడవ అవసరం వేరు. గాలి ఉన్నంతసేపూ తెరచాపతో నడిచి, గాలి పడిపోయినప్పుడో, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడో, జెట్టీకి చేరేటప్పుడో మాత్రమే మోటారు సాయం కోరే పదహారు నుంచి ఇరవై రెండు అడుగుల పడవ అవసరం వేరు. ఈ రెండో రకం పడవకు మోటారును వేగం చూసి కొనకూడదు. ఆ పడవ ఏడాదిలో ఎదుర్కోబోయే అతి కష్టమైన చోటు ఏది, అక్కడ ఎదురుగాలిలో నిలదొక్కుకోవడానికి ఎంత తోపు (తోసే బలం) కావాలి అన్నవి లెక్క వేసి కొనాలి. ఆ లెక్కకు మించిన హెచ్‌పీ మీద పెట్టే డబ్బును షాఫ్టు (ఇంజన్ నుంచి కిందకు దిగే కడ్డీ) పొడవు మీద, ప్రొపెల్లర్ (దాని చివర నీటిని తోసే రెక్కల చక్రం) మీద పెడితే దక్కే మేలు చాలా ఎక్కువ.

పడవ వేగానికి ఉన్న హద్దు

నీటిని పక్కలకు తోసుకుంటూ పోయే పడవ తన ముక్కు దగ్గర ఒక అలను, వెనుక మరొక అలను లేపుతుంది. వేగం పెరిగే కొద్దీ ఆ అలల మధ్య దూరం పెరుగుతుంది. ఒక దశలో పడవ మొత్తం ఆ రెండు అలల నడుమ పల్లంలో చిక్కుకుంటుంది, అక్కడి నుంచి మరింత వేగం పుంజుకోవాలంటే ముందున్న అలను ఎక్కవలసిందే. తేలికపాటి స్పీడ్ బోట్లు అలా ఎక్కి నీటి మీద జారిపోతాయి కాని, అడుగున కీల్ (నీటిలోకి దిగే నిలువు పలక), లోపల బరువు ఉన్న తెరచాప పడవ ఎక్కలేదు. ఈ హద్దును అంచనా వేయడం తేలిక. పడవ నీటిలో తేలుతున్నప్పుడు నీటి గీత దగ్గర దాని పొడవు ఎన్ని అడుగులో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలాన్ని 2.48తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నీటి గీత 16 అడుగులైతే హద్దు సుమారు 9.9 కిలోమీటర్లు, 18 అడుగులైతే 10.5, 20 అడుగులైతే 11.1.

ఈ అంకెలను ఒకసారి శ్రద్ధగా చూడండి. పడవ రెండడుగులు పెరిగినా వేగం అర కిలోమీటరుకు కాస్త ఎక్కువే తప్ప ఒక కిలోమీటరు కూడా పెరగడం లేదు. మరోవైపు, కావలసిన శక్తి వేగపు ఘనానికి (వేగాన్ని మూడుసార్లు గుణించిన లెక్కకు) తగ్గట్టు పెరుగుతుంది: గంటకు 7 కిలోమీటర్ల నుంచి 9 కిలోమీటర్లకు పోవాలంటే రెట్టింపుకు పైగా శక్తి కావాలి, హద్దు దగ్గరపడిన తరువాత అంతకంటే ఏటవాలుగా పెరుగుతుంది. అందుచేత 18 అడుగుల పడవకు 5 హెచ్‌పీ మోటారు తీసి 10 హెచ్‌పీ బిగిస్తే, నిశ్చలమైన నీటిలో దక్కే అదనపు వేగం ఒక కిలోమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. మిగిలిన శక్తి అంతా వెనుక పెద్ద అలగా లేచిపోతుంది, పడవ వెనుక భాగం నీటిలోకి కుంగుతుంది, పెట్రోలు మాత్రం రెట్టింపు ఖర్చవుతుంది.

నీటి గీత పొడవు కొలవడానికి పడవను మామూలుగా ఎక్కేంత మందితో, సామానుతో తేలనిచ్చి, ముందు, వెనుక నీరు తాకిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఒడ్డుకు లాగిన తరువాత ఆ రెండు గుర్తుల నుంచి తూకపు దారాలు వేలాడదీసి, అవి నేలను తాకిన బిందువుల మధ్య దూరం కొలవాలి. పడవ పక్క వంపు వెంబడి టేపు పరిస్తే కొలత ఎక్కువ వస్తుంది.

బరువు తూచి తెలుసుకోవాలి

మోటారు లెక్కలో పొడవు కంటే బరువు ముఖ్యమైనది, మనవాళ్ళు ఎక్కువగా ఊహించి చెప్పేదీ బరువే. పడవ కట్టినవారు చెప్పిన బరువుకు రంగు, తడిసిన చెక్క, లంగరు, మోకులు, నీళ్ళ డబ్బాలు, పెట్రోలు, మనుషులు కలిస్తే మూడో వంతు పెరగడం మామూలే. రొయ్యల లారీలు తూచే వేబ్రిడ్జిలు ఈ రెండు జిల్లాల్లో రోడ్డు పొడవునా ఉన్నాయి కనుక, పడవను ట్రాక్టరు ట్రక్కు మీద ఎక్కించినప్పుడు ఒకసారి, దించి వచ్చిన తరువాత ఖాళీ ట్రక్కుతో మరొకసారి తూయించి, తేడాకు మనుషుల బరువు కలుపుకుంటే ఖచ్చితమైన సంఖ్య చేతిలో ఉంటుంది.

ఆ సంఖ్యను బట్టి మొదటి అంచనా ఇలా వేయవచ్చు. పులికాట్ సరస్సు, బకింగ్‌హాం కాలువ వంటి అల లేని నీటిలో వెయ్యి కిలోల పడవకు 3 హెచ్‌పీ చాలు. సముద్రంలోకి పోయే పడవకు వెయ్యి కిలోలకు 4 నుంచి 6 హెచ్‌పీ కావాలి. ఒకటిన్నర టన్ను దాటితే సముద్రంలో 8 హెచ్‌పీ అడగడం న్యాయమే. ఇది మొదటి అంచనా మాత్రమే, దీన్ని మన గాలితో, మన మొగలతో సరిచూసుకోవాలి.

ఎదురుగాలి లెక్క

మన తీరానికి సముద్రం తూర్పున ఉంది. వేసవి మధ్యాహ్నాలలో గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది కనుక తిరిగి వచ్చే పడవకు అది సాయమే చేస్తుంది. జూన్, జూలై నెలల్లో వీచే పడమటి గాలి అలాంటిది కాదు. అది నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డుకు దగ్గరలో అలను పెద్దగా లేపదు కనుక బయలుదేరేటప్పుడు సముద్రం నెమ్మదిగానే కనిపిస్తుంది, తీరా తిరిగి రావాలంటే ముక్కుకు సూటిగా ఎదురవుతుంది. తెరచాపతో అటూ ఇటూ వాలుగా కోసుకుంటూ రావచ్చు గాని, తెరచాప చినిగినా, తాడు తెగినా, మోటారు ఒక్కటే దిక్కు. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యపు గాలి, దానితో పాటు తీరం వెంబడి దక్షిణానికి సాగే ప్రవాహం కలుస్తాయి కనుక, నెల్లూరు తీరంలోని మైపాడు నుంచి దక్షిణానికి పోయి ఉత్తరానికి తిరిగి రావాలనుకునే పడవకు రెండూ ఎదురే. మోటారును ఈ రోజుల కోసం కొనాలి.

గాలి తోపు ఎంతో అంకెలలో చూద్దాం. తొమ్మిది వందల కిలోల 18 అడుగుల పడవ ముందు నుంచి గాలికి అడ్డంగా నిలిచే భాగాన్ని, అంటే పడవ ముక్కు, స్తంభం, చుట్టిన తెరచాప, తాళ్ళు, కూర్చున్న మనుషులు అన్నీ కలిపి నాలుగు చదరపు మీటర్లు అనుకోండి. గంటకు 37 కిలోమీటర్ల గాలికి ఎదురుగా పడవ 7 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పడవకు తగిలే గాలి 44 కిలోమీటర్లు, అది వెనక్కు నెట్టే బలం సుమారు 36 కిలోలు. గాలి సగానికి తగ్గితే ఆ బలం 12 కిలోలకు పడిపోతుంది. దీనికి నీటి నిరోధం, ఎదురొచ్చే అలల దెబ్బ కలిపి మరో పది పదిహేను కిలోలు వేసుకోవాలి. అంటే గట్టి గాలిలో ఇంటికి రావడానికి ఆ పడవకు దాదాపు 50 కిలోల తోపు కావాలి. తగిన ప్రొపెల్లర్ ఉన్న చిన్న ఔట్‌బోర్డు మోటారు, పడవను కట్టేసి పూర్తి వేగంతో నడిపినప్పుడు, ఒక్కో హెచ్‌పీకి ఇంచుమించు పది కిలోలు లాగుతుంది. పడవ కదలడం మొదలైతే కొంత తగ్గుతుంది. కనుక తొమ్మిది వందల కిలోల ఈ పడవకు సముద్రంలో 6 హెచ్‌పీ సరైన ఎంపిక, 3 హెచ్‌పీతో మంచి రోజున సునాయాసంగా నడుస్తుంది గాని పడమటి గాలి రోజున నిలబడ్డ చోటే నిలబడుతుంది. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలో 45 నుంచి 55 కిలోమీటర్ల గాలి అని ఉంటే ఏ మోటారు ఉన్నా బయలుదేరకూడదు, ఆ గాలికి సరిపోయే మోటారు కొనాలన్న ఆలోచనా పెట్టుకోకూడదు.

మొగల దగ్గర మరొక అంశం తోడవుతుంది. పెన్న, గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోట్ల, పులికాట్ ముఖద్వారాల దగ్గర, ఆటు సమయంలో నీరు ఇరుకు దారిలో వేగంగా బయటకు వస్తుంది, ఎదురుగా అల లేస్తుంది. గంటకు 5 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురు పోయే పడవ నీటి మీద 8 కిలోమీటర్లు నడిచినా నేల మీద 3 కిలోమీటర్లే సాగుతుంది. ఇక్కడ అదనపు హెచ్‌పీ కొనడం కంటే పోటు కోసం గంటసేపు ఆగడం మేలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే హద్దు వేగం 10.5 దగ్గర ఆగిపోయే పడవకు ప్రవాహం మీద దక్కే మిగులు ఎంత పెద్ద మోటారుతోనూ పెద్దగా పెరగదు.

అంగడిలో ఉన్నవి మూడే మెట్లు

కేటలాగులో 2, 2.5, 3.5, 4, 5, 6, 8, 9.9 అని వరుసగా కనిపించినా, నిజానికి ఎంచుకోవలసినవి మూడే మెట్లు. చాలా కంపెనీలు 4, 5, 6 హెచ్‌పీ మోటార్లను ఒకే ఇంజన్ దిమ్మ మీద తయారు చేస్తాయి. కార్బురేటరులోనో, మరి కొన్ని భాగాలలోనో తేడా తప్ప బరువు ఇంచుమించు ఒకటే. 8, 9.9 కూడా అంతే. ఫోర్ స్ట్రోక్ మోటార్లలో 2 నుంచి 3.5 వరకు ఉన్న మెట్టు పదిహేడు పద్దెనిమిది కిలోల దగ్గర, 4 నుంచి 6 మెట్టు ఇరవై ఐదు నుంచి ఇరవై ఎనిమిది దగ్గర, 8 నుంచి 9.9 మెట్టు నలభై కిలోల అటూ ఇటూ ఉంటాయి. కాబట్టి లెక్కలో 4 వచ్చినప్పుడు అదే బరువులో దొరికే 6 తీసుకోవడం తెలివైన పని. లెక్కలో 6 వచ్చినప్పుడు 8కి ఎక్కడం మాత్రం పన్నెండు పదిహేను కిలోల అదనపు బరువును పడవ చివర వేలాడదీయడం.

మన తీరంలో ఈ బరువును తేలికగా తీసుకోకూడదు. రేవు, జెట్టీ ఉన్న చోట్లు కొన్నే. పాకల, కొత్తపట్నం, తుమ్మలపెంట వంటి చోట్ల ఇసుక ఒడ్డుకే పడవను లాగుతారు. మోటారును పడవ మీద వదలకుండా విప్పి, మెత్తని ఇసుకలో మోసుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఇరవై ఏడు కిలోల మోటారును ఒకరు భుజాన వేసుకోగలరు, నలభై కిలోలదానికి ప్రతిసారీ ఇద్దరు కావాలి. అంతేకాదు, అలల పట్టీ దాటేటప్పుడు పెద్ద మోటారు వల్ల ఉపయోగం తక్కువ: విరిగే అలలో ప్రొపెల్లర్ గాలిలోకి లేచిపోతుంది, అడుగు ఇసుకకు తగులుతుంది. మొదటి వరుస అలలను తెడ్లతోనో, గడతోనో దాటి, లోతు నీటిలోకి వచ్చాకే మోటారు దించాలి.

చిన్న మెట్టు మోటార్లలో కొన్నింటికి వెనుక గేరు ఉండదు, కొన్నింటికి న్యూట్రల్ కూడా ఉండదు. జెట్టీకి ఆనుకోవలసిన పడవకు ఇది పెద్ద లోపం. 4 హెచ్‌పీ నుంచి ముందు, న్యూట్రల్, వెనుక గేర్లు మూడూ సాధారణంగా ఉంటాయి, బయటి పెట్రోలు ట్యాంకు తగిలించే వీలూ చాలా వాటిలో ఉంటుంది.

షాఫ్టు పొడవు

తెరచాప పడవల విషయంలో జరిగే నష్టాలలో ఎక్కువ భాగం హెచ్‌పీ వల్ల కాక షాఫ్టు వల్లనే జరుగుతుంది. షాఫ్టులు సాధారణంగా 15, 20, 25 అంగుళాల కొలతలలో వస్తాయి. దుకాణంలో సిద్ధంగా ఉండేది తరచూ పొట్టిది, అది తక్కువ ఎత్తు వెనుక పలక ఉన్న పడవలకు ఉద్దేశించినది. తెరచాప పడవ ఎదురు అలల్లో ముందు వెనుకలుగా ఊగుతుంది. ముక్కు దిగినప్పుడల్లా వెనుక భాగం లేచి, పొట్టి షాఫ్టు చివరనున్న ప్రొపెల్లర్ పైకి వచ్చి గాలిని మింగుతుంది. ఆ క్షణంలో ఇంజన్ బరువు లేకుండా గిర్రున తిరుగుతుంది, తోపు సున్నా అవుతుంది, పడవ ముక్కు గాలికి పక్కకు తిరుగుతుంది. పది హెచ్‌పీ మోటారైనా ప్రొపెల్లర్ నీటిలో లేకపోతే ఒక్క కిలో కూడా తోయదు.

కొలిచే పద్ధతి ఇది. పడవను పూర్తి బరువుతో తేలనిచ్చి, మోటారు క్లాంపు కూర్చునే పట్టె పై అంచు నుంచి నీటి మట్టం దాకా నిట్టనిలువుగా కొలవండి. ప్రొపెల్లర్‌కు కాస్త పైన అడ్డంగా ఉండే పలక, పడవ నిలకడగా ఉన్నప్పుడు, నీటికి కనీసం ఐదారు అంగుళాల లోతున ఉండాలి. పట్టె నుంచి నీటికి 13 అంగుళాలుంటే 20 అంగుళాల షాఫ్టు సరిపోతుంది, 18 ఉంటే 25 అంగుళాలది కావాలి. ఆ తరువాత మోటారు లేకుండానే ఇద్దరు మనుషులను పడవ ముందు భాగానికి పంపి, వెనుక భాగం ఎన్ని అంగుళాలు లేచిందో చూడండి. స్తంభం దగ్గర తాడు విప్పడానికి ఎవరైనా ముందుకు వెళ్ళినప్పుడు జరిగేది ఇదే కనుక, ఆ లేచిన కొలతను కూడా లోతుకు కలుపుకోవాలి.

పులికాట్‌లో తిరిగే పడవకు ఈ సలహా తిరగబడుతుంది. చాలా చోట్ల నడుము లోతు నీరే ఉండే ఆ సరస్సులో పొడవాటి షాఫ్టు బురదలో తగులుతుంది, చల్లబరిచే నీటి రంధ్రాలలోకి బురద పోతుంది. అక్కడ 15 లేదా 20 అంగుళాల షాఫ్టుతో 2.5 లేదా 3.5 హెచ్‌పీ, పక్కన ఒక మంచి గడ ఉంటే చాలు. కాలువలో గుర్రపుడెక్క ఉన్న చోటా ఇదే మాట, మోటారును మాటిమాటికీ పైకి లేపి ఆకులు తీయవలసి వస్తుంది కనుక తేలికైనదే నయం. సరస్సులోనూ సముద్రంలోనూ తిరగాలనుకునేవారు పైకి కిందకు జరిపే స్ప్రింగు బ్రాకెట్ మీద పొడవు షాఫ్టు బిగించుకోవాలి. ఆ బ్రాకెట్ ఎన్ని కిలోలకు, ఎన్ని హెచ్‌పీకి తయారైందో దాని మీద చూసే కొనాలి.

ప్రొపెల్లర్

మోటారుతో పాటు వచ్చే ప్రొపెల్లర్ తేలికపాటి డింగీ (చిన్న పడవ) కోసం ఎంచినది. 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద తిరిగే ఇంజనుకు గేరు నిష్పత్తి (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఇంజన్ తిరిగే చుట్లు) 2.08, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టులో ముందుకు సాగవలసిన దూరం) 8 అంగుళాలు అయితే, నీటిలో జారుడు ఏమీ లేకపోతే అది గంటకు 29 కిలోమీటర్ల వేగానికి సరిపడినది. మన పడవ పదిన్నర దాటదు. ఈ తేడా వల్ల బరువైన పడవలో ఇంజన్ తన పూర్తి ఆర్‌పీఎంను అందుకోలేక మూలుగుతుంది, కాగితం మీది 6 హెచ్‌పీలో నాలుగే పనిచేస్తుంది. అదే మోటారుకు 6 అంగుళాల పిచ్ బిగిస్తే ఆ సంఖ్య 22కు దిగి, ఇంజన్ స్వేచ్ఛగా తిరిగి తోపు పెరుగుతుంది. మోటారు పుస్తకంలో పూర్తి థ్రాటిల్ వద్ద ఉండవలసిన ఆర్‌పీఎం హద్దులు రాసి ఉంటాయి. ప్లగ్గు తీగకు చుట్టే చిన్న టాకోమీటరుతో (ఆర్‌పీఎం చూపే మీటరు) చూసి, ఆ హద్దును అందుకోకపోతే పిచ్ తగ్గించాలి. 8, 9.9 మెట్టులో కొన్ని కంపెనీలు హై థ్రస్ట్ పేరుతో ప్రత్యేక మోటార్లు అమ్ముతాయి, వాటిలో గేరు నిష్పత్తి 2.9 దాకా ఉండి పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది. ఒకటిన్నర టన్ను దాటిన పడవకు మామూలు 9.9 కంటే ఆ రకమే తగినది.

పెట్రోలు, బ్యాటరీ

ఫోర్ స్ట్రోక్ మోటారు పూర్తి వేగంలో ఒక్కో హెచ్‌పీకి గంటకు 0.35 నుంచి 0.4 లీటరు తాగుతుంది, అంటే 6 హెచ్‌పీ గంటకు రెండున్నర లీటర్ల లోపు. సగం థ్రాటిల్‌కు తగ్గిస్తే వేగం కొద్దిగానే తగ్గి, ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఎదురుగాలికి మూడో వంతు పెట్రోలు లెక్కన పెట్టుకోవాలి. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దొరుకుతోంది, చాలా ఔట్‌బోర్డు మోటార్ల పుస్తకాలు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి కనుక కొనేముందు ఈ సంగతి అడగాలి, వాడకం అయ్యాక కార్బురేటరును ఖాళీ చేయాలి.

ఒక కిలోవాట్ పైచిలుకు విద్యుత్ మోటారు సుమారు 3 హెచ్‌పీ పెట్రోలు మోటారుకు సమానంగా తోస్తుంది. సరస్సులో ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగివచ్చే పడవకు అది చక్కని ఎంపిక. అయితే ఒక కిలోవాట్ గంట (ఒక యూనిట్) నిల్వ ఉండే బ్యాటరీ పూర్తి వేగంలో గంటలోపే అయిపోతుంది కనుక, పడమటి గాలికి ఎదురు రావలసిన పడవకు దాన్ని నేను సూచించను.

చేపల వేటకు వాడే తెరచాప పడవకు మోటారు బిగించేవారు మరొక సంగతి గమనించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అమలయ్యే వేట నిషేధం మోటారు లేని సంప్రదాయ పడవలకు వర్తించదు, మోటారు పడవలకు వర్తిస్తుంది.

కొనే ముందు లాగి చూడటం

లెక్కలన్నీ అయ్యాక, అదే మెట్టులోని మోటారు ఒకదాన్ని అరువు తెచ్చుకుని మీ పడవకు బిగించి పరీక్షించండి. మనుషులు, పడవలు తిరగని చోట, గట్టి మోకుతో పడవ వెనుక భాగాన్ని జెట్టీ గుంజకు కట్టి, మధ్యలో వంద కిలోల వేలాడే డిజిటల్ కాటా తగిలించండి. మోకు బిగుసుకున్నాక నెమ్మదిగా థ్రాటిల్ పెంచి, పూర్తి వేగంలో అంకె నిలకడగా ఎంత చూపిస్తుందో రాసుకోండి. మోకు తెగితే దాని వరుసలో ఎవరూ ఉండకూడదు, మోటారు ఆపే తాడు నడిపేవారి మణికట్టుకు ఉండాలి. తరువాత ఫోనులో జీపీఎస్ వేగం చూస్తూ, ఒకే దారిలో గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలున ఒకసారి నడపండి. మూడింట రెండు వంతుల థ్రాటిల్‌లో పడవ తన హద్దు వేగంలో నాలుగింట మూడు వంతులు అందుకుని, కాటా మీరు లెక్కించిన ఎదురుగాలి తోపు కంటే పది కిలోలు ఎక్కువ చూపితే ఆ మోటారే కొనండి. అంకె తక్కువ వస్తే ముందు తక్కువ పిచ్ ప్రొపెల్లర్ బిగించి మళ్ళీ లాగి చూడండి, అప్పటికీ చాలకపోతేనే పై మెట్టుకు వెళ్ళండి.